ఆది ఫోను

పోయిన వారం గిద్దలూరులో పని చూసుకుని ప్యాసింజరు రైల్లో తిరిగి వస్తున్నాను. కంభంలో ఒకావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. ఒళ్ళో కూరగాయల సంచి, చేతిలో ఫోను. బొటనవేలితో రెండుసార్లు నొక్కి, ఫోను సంచిలో పడేసి, పక్కావిడతో "రేపు పంటి డాక్టరు కాడ మన టోకెను పదకొండు" అంది. అంత సేపు ఎక్కడా ఆగలేదు, వెనక్కి పోలేదు, కళ్ళు చికిలించలేదు. టోకెనిచ్చే ఆ వెబ్‌పేజీ ఎవరు చేశారో నాకు చూడకుండానే తెలిసిపోయింది. తరువాత తర్లుపాడు దాటిందాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. దాన్ని చేసిన మనిషి చనిపోయి మూడు నెలలు దాటింది. కడుపుమంట మాత్రం చల్లారలేదు.

అవును, కడుపుమంటే. దానికి ఇంకో మంచి పేరు పెట్టదలచుకోలేదు. మార్కాపురంలో నేను వెబ్‌సైట్లు చేసి బతుకుతాను. అమీర్‌పేటలో ఏడాదిన్నర కోర్సు చదివి, మూడు సర్టిఫికెట్లు ఫ్రేములు కట్టించుకుని, మా ఊళ్ళో మొదటి వెబ్ డిజైనర్ని నేనే అని బోర్డు రాయించుకున్నవాణ్ణి. ఆయన టైలరు. ఊరంతా టైలర్ భాయ్ అనేది. రెడీమేడ్ చొక్కాలు వచ్చి కుట్టుపని తగ్గాక, ఎక్కడ నేర్చుకున్నాడో ఎలా నేర్చుకున్నాడో, మా వీధికి రెండు వీధుల అవతల అదే దుకాణంలో, అదే కుర్చీలో కూర్చుని వెబ్‌సైట్లు చేయడం మొదలుపెట్టాడు. ఆయన చేసినవి జనం వాడేవాళ్ళు. నేను చేసినవి జనం చూసి "బ్రహ్మాండంగా ఉంది" అనేవాళ్ళు. ఈ రెండింటికీ తేడా తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. తెలిశాక ఇంకా కుళ్ళుకున్నాను.

నా కోరికల్లా ఒక్కటే. ఒక్కసారి, ఒక్క పేజీ చూసి ఆయన మొహం మాడిపోవాలి. 'అబ్బ, ఇది నేను చేసుంటే బాగుండేది' అని ఆయన అనుకోవాలి. ఆయన దగ్గర నేను పడ్డదాంట్లో పైసా వంతు ఆయన నా దగ్గర పడితే చాలు. అంతకు మించి ఈ వృత్తిలో నేనేమీ ఆశించలేదు.

దుకాణంలో కుట్టుమిషను తీసేయలేదాయన. మిషను తల మాత్రం విప్పి పక్కన పెట్టి, ఆ బల్ల మీద కంప్యూటరు పెట్టుకున్నాడు. కింద తొక్కుడు పలక అలాగే ఉంది. బెల్టు లేదు, తిప్పడానికి చక్రం లేదు, అయినా పని చేస్తున్నంతసేపూ ఆయన కాళ్ళు దాన్ని తొక్కుతూనే ఉండేవి. టకటకటక. వచ్చినవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆ చప్పుడు ఆగిందంటే ఏదో ఒకటి తట్టిందని అర్థం. నేను ఎదురు టీ అంగట్లో ఆయనకు కనిపించకుండా స్తంభం చాటున కూర్చుని, ఆ చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అని టీ మీద టీ తాగిన రోజులున్నాయి.

మా వృత్తిలో నవ్వొచ్చే సంగతులకు కొదవ లేదు. వెబ్‌సైటు కావాలని వచ్చిన ప్రతి ఒక్కరికీ ముందు వాళ్ళ నాయన ఫోటో కావాలి, దండతో సహా. తరువాత దేవుడు. తరువాత వాళ్ళు గెలిపించిన నాయకుడు, ఆయన పక్కన వీళ్ళు. కింద రైలు పెట్టెల్లాగా కదిలిపోయే అక్షరాలు. 'కొత్తది' అని మినుకు మినుకుమనే ఎర్ర చుక్క. ఎంతమంది చూశారో చెప్పే అంకె, అది కూడా పదివేల నుంచి మొదలవ్వాలి. ఇవన్నీ అయ్యాక ఎక్కడైనా బెత్తెడు ఖాళీ కనిపిస్తే వాళ్ళకు నిద్ర పట్టదు. ఒక బట్టల షాపాయన నా దగ్గర కూర్చుని, స్క్రీను మీద వేలు పెట్టి, "ఈడ ఇంత జాగా ఏంటికి వదిలినావు? ఖాళీగా ఉంటే ఎవుడన్నా కబ్జా చేస్తాడు" అన్నాడు. నేను చదివినవాణ్ణి కాబట్టి పేజీలో ఖాళీ ఎంత ముఖ్యమో ఇంగ్లీషులో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన మర్యాదగా విని, టైలర్ భాయ్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

అక్కడా ఇదే మాట అన్నాడట. టైలర్ భాయ్ లేచి, ఆయన చొక్కా భుజం దగ్గర రెండు వేళ్ళతో పట్టి లాగి వదిలాడట.

"ఈ చొక్కాలో నువ్వూ, గాలీ ఇద్దురూ పట్టినారు గదా మామా. నువ్వొక్కనివే పట్టేటట్టు కుడితే చెయ్యి పైకెత్తగలవా?"

బట్టల షాపాయన ఖాళీకి ఒప్పుకున్నాడు. నాయన ఫోటో కూడా చివరి పేజీకి పోయింది. ఈ సంగతి ఆ షాపాయనే నాకు చెప్పాడు, నేను అడక్కుండానే, మా అంగడి మెట్ల మీద నిలబడి, నవ్వుతూ.

బడిపిల్లల రాతి పలకలు తయారయ్యే ఊరు కదా మాది, ప్రతి పేజీనీ ముందు చిన్నపిల్లల పలక మీద గీసేవాడాయన. పలక మీద పట్టనిది ఫోను మీద పట్టదని ఆయన లెక్క. గీసి, చెరిపి, మళ్ళీ గీసి, కంప్యూటర్లోకి ఎక్కించాక, కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని రోడ్డు దాటేవాడు. అవతలి గట్టున నిలబడి తన దుకాణంలోని స్క్రీనును చూసేవాడు. కళ్ళద్దాలు లేకపోతే ఆయనకు ఎదుటి మనిషి కూడా సరిగ్గా ఆనేవాడు కాదు. మధ్యలో ఆటోలు, రాతి లారీలు హారన్లు కొడుతూ పోతుంటే, కస్టమరు దుకాణంలోంచి అరిచేవాడు.

"ఏం కనపడతాంది భాయ్?"

"ఫోన్ నెంబరు కనపడతాంది. ఇంకేం ల్యా."

"మా షాపు పేరు కనపడడంల్యా?"

"నీ పేరు నీకు తెలుసు గదా మామా. ఆళ్ళకి కావాల్సింది నీ నెంబరు."

ఇంకో పరీక్ష ఉండేది. పేజీ తెరవమని ఫోను కస్టమరు చేతికిచ్చి, తాను సూదీ దారం తీసుకునేవాడు. సూదిలో దారం ఎక్కేలోపల పేజీ తెరుచుకోవాలి. ఆయన చెయ్యి చాలా వేగం. దారం ముందు ఎక్కితే, పేజీలోంచి ఏదో ఒక ఫోటో తీసేయాల్సిందే. నేను ఇంట్లో తలుపు వేసుకుని ఈ పరీక్ష పెట్టుకున్నాను. నాకు దారం ఎక్కించడానికి అయిదు నిమిషాలు పట్టింది. నా పేజీ దానికంటే ముందే తెరుచుకుంది గాని, అది చెప్పుకునే గెలుపు కాదు. మా ఆవిడ తలుపు సందులోంచి చూసి, "చొక్కా గుండీ ఊడిందా? నాకు చెప్తే కుట్టనా?" అంది.

ఆయన పేజీల్లో తప్పులు వెతకడం నా రోజువారీ పనుల్లో ఒకటైపోయింది. పొద్దున కాఫీతోపాటు ఆయన చేసిన నాలుగైదు సైట్లు తెరిచి చూసుకునేవాణ్ణి. ఒకరోజు ఒక్కటీ తెరుచుకోలేదు. అన్నీ పడిపోయాయి. ఆ ఆనందంలో నేను వెళ్ళి అరకిలో మైసూర్‌పాకు తెచ్చి ఇంట్లోవాళ్ళకి పంచాను. తిన్నాక తెలిసింది, పోయింది మా ఇంటి నెట్టు.

ఇక ట్యాంకర్ల సంగతి. ఎండాకాలం వచ్చిందంటే మా ఊళ్ళో మనుషులు పలకరించుకునే తీరే మారిపోతుంది. బాగున్నారా అని అడగరు, నీళ్ళొచ్చాయా అని అడుగుతారు. మూడు ట్యాంకర్లున్న ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. ఆయన రోడ్ల మీద తిరుగుతుంటే, ఇంట్లో ముసలి తల్లి ఆడవాళ్ళ ఫోన్లు ఎత్తి, ఏ వీధికి ముందు, ఏ వీధికి తరువాత అని వరస చూస్తుంది. ఆమె జ్ఞాపకం తప్పి ఒక వీధికి రెండుసార్లు పోయి, ఇంకో వీధివాళ్ళు ఇంటి మీదకు వచ్చారట. ఆమె ఫోన్లో వీధుల పేర్లు వరసగా కనిపించాలి, ఆమె నొక్కితే ఆ పేరు డ్రైవరు ఫోనుకు పోవాలి. ఇంతే పని.

నేను దాన్ని ఇంతే పనిగా వదులుతానా? పేజీ వెనక నీలం అలలు పెట్టాను. పైనుంచి నీటిచుక్కలు రాలి పేర్ల మీద పడి చిట్లేటట్టు చేశాను. చుక్క పడినప్పుడల్లా టుప్పుమని చప్పుడు. కింద కుడిచేతి మూలలో గాజు బిళ్ళలాగా మెరిసే బొత్తాము. అంగట్లో కూర్చుని లింకు పంపించాను. మరునాడు ఓనరు వచ్చి వాళ్ళమ్మ అన్న మాట అందరిముందూ అప్పజెప్పాడు.

"నీళ్ళు కారతాండాయి గాని ట్యాంకరు కదల్డంల్యా నాయనా, అనింది మాయమ్మ."

ఆ మాట మా ఊళ్ళో రెండు నెలలు తిరిగింది. నేను కూరగాయలకు పోతే కూడా ఎవరో ఒకరు, "ఏం సామీ, నీళ్ళు కారతాండాయా?" అని అడిగేవాళ్ళు.

ఓనరు నేరుగా టైలర్ భాయ్ దగ్గరికే పోయాడు. ఆయన మొదట అడిగింది, "ఆది ఏదీ?" అని.

జాకెట్టు కుట్టించుకోవడానికి పోయే ఆడవాళ్ళు సరిగ్గా సరిపోయే పాత జాకెట్టు ఒకటి కొలతకి తీసుకుపోతారు. దాన్నే ఆది జాకెట్టంటారు. ఆయనకు వెబ్‌సైటుకి కూడా ఆది కావాలి. పేజీని రోజూ వాడబోయే మనిషి ఫోను, అది ఎంత పాతదైనా, ఎంత పగిలినా, తెచ్చి ఆయన బల్ల మీద ఒక పూట పెట్టాలి. కొత్త ఫోను తెస్తే తిప్పి పంపేవాడు. "ఇది నీ పెండ్లి చొక్కా. రోజూ ఏసుకునేది తేపో" అనేవాడు. నేను వెనక ఎంత నవ్వానో! ఫోనుకు కొలతలేంటి, ప్రపంచమంతా అన్ని ఫోన్లకూ సరిపోయేటట్టు చేస్తుంటే ఈయనెవరు, అని టీ అంగట్లో అన్నాను కూడా. టీ అంగడాయన నవ్వలేదు. వాళ్ళావిడకి ఆయన దగ్గర కుట్టించిన జాకెట్లు ఇరవై ఏళ్ళలో ఒక్కటీ సరిచేయించాల్సి రాలేదట.

వాళ్ళమ్మ ఫోను ఒక పూట ఆయన దగ్గర ఉంది. రెండు రోజులకు పేజీ తయారైంది. తెల్లని పేజీ, నల్లని అక్షరాలు. పైన ఎడమచేతి మూలకి బొటనవేలంత బొత్తాము, దాని కిందే దగ్గరదగ్గరగా వీధుల పేర్లు. మిగతా స్క్రీనంతా ఖాళీ. ఆ ఎండాకాలం ఒక్క వీధీ తప్పిపోలేదు. వాళ్ళమ్మ మంచం మీద కూర్చుని ఊరికి నీళ్ళు పంపింది.

నేను ఆ పేజీని రాత్రీ పగలూ మనసులో తిప్పుకున్నాను. బొత్తాము పైన ఎడమ మూలలో ఎందుకు పెట్టాడు? అందరూ కింద పెడతారు కదా? ఆలోచించగా ఆలోచించగా నాకు వెలిగింది. మనిషి చూపు చదివేటప్పుడు ఎడమ పై మూలలోనే మొదలవుతుంది. అందుకని పెట్టాడు! ఆ టైలరు ఇంత లోతైన సంగతి కనిపెట్టాడంటే నాకు అన్నం సహించలేదు. సహించకపోతేనేం, ఉపయోగపడింది. శనివారాలు ఒక కంప్యూటరు సెంటర్లో పాఠం చెప్పేవాణ్ణి. అక్కడ 'ఎడమ పై మూల సూత్రం' అని పేరు పెట్టి, బోర్డు మీద బాణం గుర్తులు గీసి, పరీక్షలో ప్రశ్నగా కూడా ఇచ్చాను. ఎవరు కనిపెట్టారని ఒకమ్మాయి అడిగితే బోర్డు తుడవడం మొదలుపెట్టాను.

అప్పుడే గిద్దలూరులో ఇంకో ట్యాంకర్లాయన నన్ను పిలిచాడు. మార్కాపురం దానిలాంటిదే కావాలన్నాడు. నేను ఇంకేం ఆలోచించలేదు. ఆ పేజీని ఉన్నదున్నట్టు ఎత్తి, వీధుల పేర్లు మార్చి ఇచ్చాను. చేసింది ఫలానా అని నా పేరు, నా నెంబరు కింద పెట్టాను. టైలర్ భాయ్ తన పేజీల మీద పేరు పెట్టుకునేవాడు కాదు, కాబట్టి చెరపాల్సిన శ్రమ కూడా తప్పింది.

పదిరోజులకే గిద్దలూరు నుంచి ఫోను. అక్కడ వరస చూసేది ఇంట్లో తల్లి కాదు, డ్రైవర్లే. ఒక చేత్తో పైపు పట్టుకుని ఇంకో చేత్తో నొక్కాలి. కుడిచేతి బొటనవేలు ఎంత సాచినా ఎడమ పై మూలకు అందదు. అందించుకోబోయి ఇద్దరు ఫోన్లు పగలగొట్టుకున్నారు. ఇంకొకాయన ఫోను ట్యాంకరు మూతలోంచి లోపలే పడింది. "నీ పేజీ బానే ఉంది గాని నా డ్రైవర్లకి చెయ్యి చాలడంల్యా" అన్నాడు గిద్దలూరాయన. నేను ఆయనకు చూపు, ఎడమ మూల అంటూ సూత్రం వివరించబోయాను. ఆయన ఫోను పెట్టేశాడు. తరువాత ఎవరికి చేశాడో నాకు తెలియనిది కాదు.

ఆ మరుసటి రోజు మధ్యాహ్నం టైలర్ భాయ్ మా అంగడి మెట్లెక్కాడు. అన్నేళ్ళలో అదే మొదటిసారి. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. అది లేకుండా ఆయన ఎక్కడికీ పోయేవాడు కాదు. గోడ మీద నా సర్టిఫికెట్లు మూడూ నిలబడి చదివాడు, వెక్కిరింపు లేకుండా, అక్షరం అక్షరం. తరువాత కూర్చున్నాడు.

"తమ్ముడూ, ఆ గిద్దలూరాయనింట్లో గూడా ఫోను పగిలిందా?"

నాకు అర్థం కాలేదు. "ఏ ఫోను భాయ్?"

"ఈడ ట్యాంకర్లాయనమ్మ ఫోను రోలు మీద పడింది. అద్దమంతా చచ్చిపోయింది. పైన ఎడంపక్క మూల మాత్రం ఏలు పెడితే పలుకుతాది. అందుకని బొత్తామూ, పేర్లూ అన్నీ ఆడకి దోపినా. మీ గిద్దలూరాయనకి ఆడనే ఏంటికి పెట్టినావు?"

నా సూత్రమూ, బోర్డు మీది బాణం గుర్తులూ, పరీక్ష రాసిన ముప్ఫై మంది పిల్లలూ కళ్ళముందు తిరిగారు. నా మెరిసే బొత్తాము కుడిచేతి కింది మూలలో ఉందనీ, ట్యాంకర్లాయనమ్మ ఎంత నొక్కినా అది పలకదనీ అప్పుడు తెలిసింది. ఒక్కసారి ఆ ఇంటికి నడిచి పోయి ఆ ఫోను చూసివుంటే సరిపోయేది. ఆయన నా మొహం చూసి, పరామర్శించడానికి వచ్చిన మనిషిలా గొంతు తగ్గించాడు.

"నువ్వు ట్యాంకర్లాయనకి మొదట చేసిన దాంట్లో గూడా పెద్ద తప్పేం ల్యా తమ్ముడూ. ఆది తీసుకోలేదు. అంతే."

తిట్టినా బాగుండేది. 'నా పని దొంగిలించావు' అంటే పోట్లాడుకునేవాళ్ళం. ఆయనకు ఆ ఆలోచనే ఉన్నట్టు లేదు. ఒకరి ఆదితో ఇంకొకరికి కుట్టాడే అన్న బాధ ఒక్కటే ఆయన మొహంలో కనిపించింది. నాకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళుగా దాచుకున్నది అడిగేశాను.

"నా పనిలో బాగున్నది ఒక్కటన్నా లేదా భాయ్? నిజం చెప్పు."

ఆయన ఆలోచించాడు. మా కుర్చీ కింద తొక్కడానికి ఏమీ లేకపోయినా కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి. తరువాత ఆగాయి.

"నీ పని నేను ఇంకా చూడల్యా తమ్ముడూ. గిద్దలూరుది నాది గదా. అంతకుముందు చేసినయ్యి ఎవరెవరియో చూసి చేసినావు. నీది ఒకటి చేసినప్పుడు చెప్పు. వస్తా."

ఎత్తిపొడుపు కాదు. కావాలంటే ఎత్తిపొడుపు ఎలా ఉంటుందో నాకు తెలుసు, నేను చాలామందిని పొడిచినవాణ్ణి. ఆయన లేచి, మెట్లు దిగి, రోడ్డు దాటి, అవతలి గట్టున కళ్ళద్దాలు తీసి నా బోర్డు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. ఏం కనిపించిందో నాకు చెప్పలేదు.

నాలుగు నెలలు ఆయన వీధిలోకి పోలేదు. టీ అంగడి మార్చుకున్నాను.

తరువాత కనిగిరి వైపు పల్లె నుంచి ఒకమ్మ వచ్చింది. మిరపకోతలకి ముప్ఫై నలభై మంది కూలీలను కుదిర్చే మేస్త్రమ్మ. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక కూర్చుని, ఎవరు ఏ చేనుకు పోవాలో పంచుతుందట. తమకు ఎంతమంది కూలీలు కావాలో రైతులు ముందుగా చెప్పుకునే పేజీ కావాలంది. నేను అలవాటు కొద్దీ మిరపకాయలు రాలే బొమ్మ గురించి ఆలోచిస్తున్నాను. ఎందుకో నోరు దానంతటదే అనేసింది.

"మీరు రోజూ వాడే ఫోనే తెచ్చియ్యండమ్మా. కొత్తది కాదు."

ఆది అన్న మాట అనలేదు. అంతమాత్రం పౌరుషం నాకు మిగిలి ఉంది.

ఆమె తెచ్చిన ఫోను ఎర్రగా ఉంది, పగుళ్ళలోంచి మిరపపొడి రాలింది. రెండు రోజులు అంగట్లో పెట్టుకుని చూశాను, ఏమీ తోచలేదు. మూడోరోజు ఫోను తీసుకుని ఆమె ఉన్న చేనుకే పోయాను. మధ్యాహ్నం ఎండలో స్క్రీను మీద ఒక్క అక్షరం కనిపించలేదు. ఆడవాళ్ళు మంట పుట్టకుండా వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకున్నారు. ఆ వేలితో నొక్కితే ఫోను పలకదు, పేలిక విప్పితే వేళ్ళకు కారం అంటి కళ్ళు తుడుచుకోలేరు. మేస్త్రమ్మ ఫోను ఎత్తి, నా వైపు చూసి, "ఇట్ల మోచేత్తో నొక్కుతా నాయనా, తప్పు పోతాది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మోచేతిని కొలుచుకున్నాను.

పసుపు మీద నల్లని దుడ్డు అక్షరాలు, పేజీకి వస్తాం, రాము అని రెండే బొత్తాములు, ఒక్కొక్కటి అరచేతంత. మోచేత్తో నొక్కినా తప్పు పోదు. తప్పు పోయినా వెనక్కి తీసుకోవడానికి కొంచెం వ్యవధి ఉంటుంది. అందంగా లేదు. నా సర్టిఫికెట్లలో ఒక్కటీ దాన్ని మెచ్చుకోదు. ఎవరిదీ చూసి చేయలేదు. ఇలాంటిది చూడ్డానికి లోకంలో ఇంకొకటి లేదు కాబట్టి. మేస్త్రమ్మ చేలో నిలబడి మోచేత్తో నొక్కి, "పోయింది!" అని సంబరంగా అరిచిన రోజున టైలర్ భాయ్ గుర్తుకొచ్చినా నాకు మొదటిసారి ఒళ్ళు మండలేదు. ఇక వచ్చి చూడడం ఆయన వంతు అనుకున్నాను.

పిలవాలి. కానీ పిలవలేదు. పసుపు ఇంకొంచెం ముదరాలేమో. ఆ రెండో బొత్తాము కాస్త కిందికి జరగాలేమో. సూదిలో దారం ఎక్కేలోపల తెరుచుకుంటుందా, తెరుచుకోకపోతే తీసేయడానికి ఒక్క ఫోటో కూడా లేదు కదా. అసలు సంగతి భయం. ఆయన అద్దాలు తీసి చూసి, మామూలుగా తల ఊపి ఊరుకుంటే? అట్లా పన్నెండు రోజులు గడిచాయి.

పదమూడో రోజు పాత టీ అంగడాయన ఎదురుపడి చెప్పాడు. టైలర్ భాయ్ శుక్రవారం నమాజుకు పోయొచ్చి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు అడిగి, అలాగే పోయాడట. వినగానే నా లోపల పుట్టింది ఏడుపు కాదు. నాది చూడకుండా ఎట్లా పోతావు అన్న కోపం. ఆ కోపం సిగ్గుగా మారడానికి ఇంటికి చేరేంత దూరం పట్టింది.

ఆయన పోయిన మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో షామియానా, కింద ప్లాస్టిక్ కుర్చీల్లో మగవాళ్ళు. గడప దగ్గర మంచం మీద ఆయన పెద్దక్క కూర్చుంది. ఆ ఇంట్లోనే ఉండే మనిషి, ఆయన్ని ఎత్తుకుని పెంచిందంటారు. నేను దగ్గరికి పోయి దండం పెట్టాను. జేబులో ఫోను ఉంది. అందులో మిరపచేను పేజీ తెరిచే ఉంచాను. ఎవరికి చూపించాలనో నాకే తెలియదు.

"నువ్వెవురు నాయనా?" అంది.

పేరు చెప్పాను. అంగడి ఎక్కడో చెప్పాను. ఆమె మొహంలో ఏమీ కదలలేదు.

"భాయ్ ఎప్పుడన్నా నా గురించి చెప్పినాడా అక్కా?"

ఆమె నిజంగానే ఆలోచించింది. తమ్ముడిలాగే, తొందర లేకుండా.

"లేదు నాయనా. నీ పేరు ఎప్పుడూ ఇనల్యా." మళ్ళీ తనే, "ఏం పని చేస్తావు?" అని అడిగింది.

పదిహేనేళ్ళుగా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు బోర్డు మీద రాసి ఉంది. ఆ జవాబు పక్కన పెట్టాను.

"భాయ్ దగ్గర పని నేర్చుకున్నానక్కా" అన్నాను.

ఇంత వంగాక ఇంకేముంది, కనీసం ఆ శిష్యుడి చోటైనా నా ఒక్కడిదే కదా అనుకున్నాను. ఆమె తల ఊపి, షామియానా కింద కూర్చున్నవాళ్ళ వైపు చెయ్యి చూపించింది.

"వాళ్ళందురూ అదే చెప్పినారు నాయనా. పోయి కూసో."

చూశాను. జిరాక్సు అంగడాయన. కాలేజీ లెక్చరరు. ఒంగోలు నుంచి వచ్చినట్టున్న ఇద్దరు కుర్రాళ్ళు. నేను ఎప్పుడూ చూడని ఒక నడివయసు మనిషి, కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఒక ఖాళీ కుర్చీ ఉంటే కూర్చున్నాను. చావింట్లో అట్లాంటి ఆలోచన తప్పని తెలుసు. అయినా ఒళ్ళు భగ్గుమంది. వీళ్ళలో ఎవరి అంగడికి ఆయన పోయివుంటాడు, ఎవరి పని చూసి కాళ్ళు ఆపివుంటాడు, ఎవరితో బాగుందని అనివుంటాడు అని ఒక్కొక్కరి మొహం చూస్తూ, వాళ్ళు లేచిందాకా అక్కడే కూర్చున్నాను.